అతుకు

అందరూ క్యాసెట్లు తెచ్చి డిస్కులు చేయించుకపోయే కాలంల
ఓదేలు ఒక్కడే ఉల్టా వచ్చిండు.
ఒక చేతిల డిస్కు, ఒక చేతిల క్యాసెట్.
"దీంట్లది దాంట్లెకు ఎక్కియ్యి."

వరంగల్ చౌరస్తాల, మెట్ల కింద నా దుకాణం.
అమ్ముతనన్నా ఎవ్వరూ కొనని వీసీఆర్ మీద
ఇడ్లీ పొట్లం పెట్టుకుంటున్న రోజులవి.
పొట్లం తీసి, దుమ్ము ఊది,
"ఎందుకే పెద్దాయినా, ఇది పోయే వస్తువు గదా" అన్న.

"కొత్తవాడల నలభై ఏండ్లు జంపఖానాలు నేసినోన్ని.
దారం తెగితె అతుకేస్త.
టేపు తెగినా అతుకేస్త.
గీ పళ్లెం గీసుకపోతె నేనేం జెయ్యాలె?"

పళ్లాన్ని లైటుకు పట్టి చూసిన.
అంచు నుంచి నడిమికి ఒకటే గీత,
గాజు పలిగే ముందు పడ్డట్టు.

కొత్త క్యాసెట్ ఊర్ల ఏడ దొరకది.
ఆయన తెచ్చినదాని మీద నీలి సిరా చీటీ:
బైరి ఓదేలు, కనకలక్ష్మి, 1991.
వెనక చిన్న రెక్క విరిచి ఉన్నది,
ఎవ్వరూ చెరపకుండ, అప్పుడెప్పుడో, పైలంగ.
"ఇది నీ పెండ్లి గదా."
"ఔ. ఆమెనే ఇచ్చింది.
నేను ఇంట్లనే ఉన్న గదా,
నన్ను టీవీల సూసుడేంది, అన్నది."

రెక్క పోయిన కంత మీద
సెల్లోటేపు ముక్క అంటించిన.
గంతే. ఒక పెండ్లి చెరిపెయ్యనీకి
గోరంత జిగురు సాలు.

నలభై రెండు నిమిషాల డిస్కు
ఎక్కనీకి నలభై రెండు నిమిషాలే పడుతది.
తొందర పెట్టరాదు. ఒకలింటి సంగతి
ఉన్నంత సేపూ కూసొని చూడాలె.
చూసినం.

సంఘంల ఎవరిదో ఇల్లు ఎక్కుడు.
కెమెరా పట్టింది లెక్కలు రాసే పిలగాడు.
శానా సేపు కాళ్లే. కడిగిన గడప. పాయసం గంజు.
మైకుల ఎవలో హలో, హలో.
ఇసుగు పుట్టి పిలగాడు వెనక రేకుల షెడ్డుకు పోయిండు.

పెద్ద మగ్గం. ఇద్దరు కూసుంటెనే కదిలే మగ్గం.
ఎడమ దిక్కు ఓదేలు, కుడి దిక్కు మొండయ్య.
ఒకని చెయ్యి ఇడిస్తె ఇంకొకని చెయ్యి అందుకుంటది,
పేక అటు పోతది, ఇటు వస్తది,
ఇద్దరూ మాట్లాడరు, మొఖాలు సుత చూసుకోరు.

"మొన్న కార్తీకంల పోయిండు," అన్నడు ఓదేలు
టీవీ మీదికెల్లి చూపు తియ్యకుండ.
"కుడి దిక్కుకు మల్ల ఎవ్వరు రాలే.
మగ్గం ఇప్పేసిన."

అప్పుడు మొండయ్య తల ఇటు తిప్పిండు,
నోరు తెరిచిండు,
ఆగింది.
గడులు గడులుగ పలిగింది మొఖం.
"ఇగో. ఎప్పుడైనా ఈడనే."

డిస్కు తీసి, పండ్ల పేస్టు రాసి,
మెత్తటి బనీను గుడ్డతోని నడిమి నుంచి అంచుకు
మెల్లగ తుడిచిన. టేపును మొదటికి తిప్పిన.
మల్ల అవే కాళ్లు, అదే గడప, అదే హలో.
ఈసారి గడులు వణికినయి, గని దాటినయి.

మొండయ్య అన్నడు:
"ఓదేలూ, చాయ్ వచ్చింది, లే."

నా దుకాణంల, స్టూలు మీదికెల్లి,
ఓదేలు సగం లేచి
మల్ల కూసున్నడు.

డిస్కు అయిపోయింది. రికార్డు బంద్ చేసిన,
ఎట్ల ఎక్కిందో చూద్దామని తిప్పి పెట్టిన.
చివరికి కొద్దిసేపు తెల్ల వాన.
ఆ వానలకెల్లి, అనుకోకుండ, బరాత్.
నెత్తి మీద ట్యూబులైట్లు. జీపుల
తల వంచుకొని సన్నటి కనకలక్ష్మి.
డప్పుల ముందల తువ్వాల ఊపుకుంట
ఒక పిలగాడు ఎగురుతున్నడు.
వాడేనా, అని నేను అడగలే.
వయసుల ఆ మొఖం ఎట్లుండెనో నాకు తెల్వది.

ఓదేలు అద్దానికి మొఖం ఆనించినంత దగ్గరికి పోయిండు.
"మొత్తం చెరిగిపోయిందనుకున్న."
"టేపు పొడుగు గదనే," అన్న.

"వెనక్కి తిప్పు. ఆ వాన కాడికి."
తిప్పిన.
ఒక దిక్కు మగ్గం, ఒక దిక్కు బరాత్, నడుమ వాన.
కండ్లు చిన్నగ చేసి, గుడ్డ పరీక్ష చేసినట్టు
వేలుతోని ఆ జాగను ముట్టి చూసిండు.

"జరంత ఉబ్బింది గని,
ఊడది."